గుంటూరు నుంచి బాపట్ల, సూర్యలంక, చీరాల: కారులో మూడు రోజుల ట్రిప్పు పక్కాగా ప్లాన్ చేసుకోవడం ఎలా

చలికాలం మొదలైతే చాలు, “సూర్యలంక వెళ్దామనుకుంటున్నాం, ఎప్పుడు బయల్దేరాలి, ఎక్కడ దిగాలి, పిల్లలతో పర్లేదా” అని గుంటూరు, విజయవాడల నుంచి ఎవరో ఒకరు అడుగుతూనే ఉంటారు. ఫోన్లో చెప్పినప్పుడల్లా ఏదో ఒకటి మర్చిపోతున్నాను. అందుకే అన్నీ ఒకచోట రాస్తున్నాను, వరసగా చదువుకుంటూ టిక్ పెట్టుకుంటూ వెళ్లండి.

మొదట ఒక్క మాట. ఈ ట్రిప్పు పాడయ్యేది దూరం వల్ల కాదు. గుంటూరు నుంచి బాపట్ల 50 కిలోమీటర్లే, అక్కడి నుంచి సూర్యలంక ఇంకో 9. పాడయ్యేది వేళ తప్పడం వల్ల. పదకొండింటికి తీరిగ్గా బయల్దేరి, మిట్టమధ్యాహ్నం ఎండలో బీచ్‌లో దిగి, మూడింటికల్లా నీరసపడి ఇంటిదారి పట్టేవాళ్లే ఎక్కువ. సముద్రానికి తెల్లవారుజాము ఇవ్వండి, సాయంత్రం ఇవ్వండి. మధ్యలో ఎండ వేళని ఊళ్లకి, తిండికి, నిద్రకి వదిలేయండి. కింద రాసిన ప్లానంతా ఈ లెక్క మీదే నడుస్తుంది.

## 1. ముందు తేదీలు, తర్వాతే రూము

నవంబర్ చివరి నుంచి ఫిబ్రవరి దాకా వాతావరణం బాగుంటుంది. కానీ అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా మనకి తుపాన్ల కాలం కూడా. 2023 డిసెంబర్ 5న మిచాంగ్ తుపాను తీరం దాటింది బాపట్ల దగ్గరే. అందుకని ఈ నెలల్లో వెళ్లేవాళ్లు డబ్బు వెనక్కి ఇచ్చే షరతు మీదే రూము బుక్ చేసుకోండి. బయల్దేరడానికి నాలుగు రోజుల ముందు నుంచీ వాతావరణ శాఖ బులెటిన్ చూస్తూ ఉండండి. నిజాంపట్నం, మచిలీపట్నం ఓడరేవుల్లో ప్రమాద సూచిక ఎగరేశారని వార్త వచ్చిందంటే అది ఒకటో నంబరా మూడో నంబరా అని ఆలోచించక్కర్లేదు, ట్రిప్పు వాయిదా వేసేయండి.

కార్తీక పౌర్ణమికి, కార్తీక మాసం ఆదివారాలకి తీరం జనంతో కిక్కిరిసిపోతుంది. సముద్ర స్నానం కోసమే వెళ్తున్నారంటే ఆ రోజే వెళ్లాలి, తప్పదు. విశ్రాంతి కోసమైతే ఆ వారం వదిలేయండి. సెలవు దొరికితే మంగళ, బుధ, గురువారాలు పెట్టుకోండి. అదే బీచ్, అదే రూము, కానీ వేరే ఊరికొచ్చినట్టు ఉంటుంది.

చేపల మీద ఆశతో వెళ్లేవాళ్లకి ఇంకో సంగతి. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా తూర్పు తీరంలో వేట నిషేధం. మోటారు బోట్లు కడలిలోకి వెళ్లవు. ఆ రోజుల్లో చీరాల దగ్గరి ఓడరేవు (ఊరి పేరే అది) వెళ్లి “తాజా చేపలేవీ” అంటే ఎక్కడి నుంచి తెస్తారు పాపం. పైగా మే నెల ఎండకి ఇసుక మీద కాలు పెట్టలేం.

## 2. మకాం ఒక్కచోటే

రెండు రాత్రులకి రెండు ఊళ్లలో రూములు తీసుకోవద్దు. సామాను సర్దడానికి, ఖాళీ చేయడానికి, మళ్లీ దించుకోవడానికి సగం రోజు పోతుంది. బాపట్ల నుంచి చీరాల 15, 17 కిలోమీటర్లు ఉంటుంది, అంతే. ఎక్కడ దిగినా రెండో ఊరు అరగంట దూరం.

- సూర్యలంక: సముద్రం పక్కనే ఉండాలి, తెల్లారి లేచి నడిచి వెళ్లాలి అనుకునేవాళ్లకి. టూరిజం వాళ్ల హరిత రిసార్ట్ ఉంది, శని, ఆదివారాలకి చాలా ముందే బుక్ చేసుకోవాలి.
- బాపట్ల ఊరు: పెద్దవాళ్లు, పసిపిల్లలు ఉంటే ఇదే మంచిది. మందుల షాపు, ఆసుపత్రి, పాలు, టిఫిన్ అన్నీ దగ్గర్లోనే దొరుకుతాయి.
- చీరాల, ఓడరేవు వైపు: బట్టల కొనుగోలు, చేపలు ముఖ్యమనుకుంటే.

నేనైతే పెద్దవాళ్లని తీసుకెళ్లినప్పుడు బాపట్లలో, స్నేహితులతో వెళ్లినప్పుడు సూర్యలంకలో దిగుతాను.

డబ్బు కట్టే ముందు ఫోన్ చేసి ఇవి అడగండి. ఫోటోల్లో ఇవేమీ కనపడవు:

- [ ] కరెంటు పోతే జనరేటర్ మీద ఏసీ నడుస్తుందా, ఫ్యాను వరకేనా?
- [ ] స్నానం నీళ్లు ఉప్పగా ఉంటాయా? (తీరం పక్కన బోరు నీళ్లు చాలాచోట్ల ఉప్పగానే ఉంటాయి, చిన్నపిల్లలుంటే ఇది ముఖ్యం)
- [ ] కారు కాంపౌండు లోపల పెట్టుకోవచ్చా?
- [ ] రాత్రి ఎన్నింటి దాకా భోజనం దొరుకుతుంది?
- [ ] బీచ్ మూసేసినా, తుపాను హెచ్చరిక వచ్చినా డబ్బు వెనక్కి ఇస్తారా?

చివరి ప్రశ్నని తేలిగ్గా తీసుకోకండి. అలల ఉధృతి ఎక్కువగా ఉన్న రోజుల్లో పోలీసులు సూర్యలంక బీచ్‌లోకి ఎవరినీ వెళ్లనివ్వరు. ఒకసారి మేం ఎనిమిదిమందిమి వెళ్లాక ఆ సంగతి తెలిసింది. రూము వాళ్లు ముందే చెప్పి ఉంటే తేదీ మార్చుకునేవాళ్లం కదా అని ఆ రోజంతా బాధపడ్డాం. అప్పటి నుంచి బయల్దేరే రోజు పొద్దున కూడా ఒకసారి ఫోన్ చేసి “బీచ్ తెరిచే ఉందా అండీ” అని అడిగాకే కారు తీస్తున్నాను.

## 3. కారు సిద్ధం చేయడం

వారం ముందే చూపించండి, ముందు రోజు సాయంత్రం కాదు. ఏదైనా స్పేర్ పార్టు దొరక్కపోతే తెప్పించడానికి టైముండాలి.

- [ ] నాలుగు టైర్లతో పాటు స్టెప్నీలో కూడా గాలి (ఎక్కువమంది మర్చిపోయేది ఇదే)
- [ ] జాకీ, వీల్ స్పానర్, టో హుక్ (బండి దిగబడితే లాగడానికి తాడు కట్టే కొక్కెం) బండిలోనే ఉన్నాయా
- [ ] వైపర్ బ్లేళ్లు, అద్దం కడిగే నీళ్లు (సముద్రపు గాలికి అద్దం మీద ఉప్పు పొర పడుతుంది)
- [ ] హెడ్‌లైట్లు, బ్రేక్ లైట్లు, ఇండికేటర్లు
- [ ] కూలెంట్, ఏసీ
- [ ] ఆర్సీ, ఇన్సూరెన్స్, పొల్యూషన్ సర్టిఫికెట్, లైసెన్సు (డిజీలాకర్‌లో ఉన్నా చాలు)
- [ ] ఫాస్టాగ్‌లో డబ్బు (విజయవాడ వాళ్లకి కాజ టోల్ గేటు తగులుతుంది)
- [ ] టైర్లలో గాలి కొట్టే చిన్న మెషీన్, టైర్ గేజి
- [ ] పాత దుప్పటి ఒకటి, గోనె సంచులు రెండు, 5 లీటర్ల మంచినీళ్ల క్యాన్లు రెండు

టో హుక్ గురించి కొంచెం చెప్పాలి, ఎందుకంటే సొంత కారులో అది ఎక్కడుంటుందో చాలామందికి తెలియదు. డిక్కీలో స్టెప్నీ కింద, జాకీ పక్కన, వేలంత లావు ఇనుప కడ్డీకి ఒక చివర గుండ్రటి కన్ను, రెండో చివర మరలు ఉంటాయి. ముందు బంపర్ మీద ఒక పక్కన చిన్న మూత ఉంటుంది. అది ఊడదీస్తే లోపల మరలున్న రంధ్రం కనపడుతుంది, హుక్ అందులో బిగించాలి. ఇంటి దగ్గరే ఒకసారి బిగించి చూడండి. కొన్ని బళ్లలో మర ఎడమ వైపుకి తిరుగుతుంది, ఆ సంగతి ఇసుకలో చీకట్లో కాదు, ఇంటి ముందు వెలుతురులో తెలియాలి.

పెట్రోలు లెక్క: మూడు రోజుల తిరుగుడంతా కలిపి గుంటూరు నుంచి 225 నుంచి 250 కిలోమీటర్లు అవుతుంది. లీటరుకి 15 ఇచ్చే బండికి 16, 17 లీటర్లు చాలు. అయినా ఫుల్ ట్యాంకు కొట్టించుకునే వెళ్లండి.

## 4. దారి, బయల్దేరే వేళ

గుంటూరు వాళ్లు: నారాకోడూరు, చేబ్రోలు, పొన్నూరు, బాపట్ల. దారి మార్చే పనే లేదు.

విజయవాడ వాళ్లు: రెండు దార్లున్నాయి. హైవే మీద గుంటూరు వచ్చి పై దారి పట్టుకోవడం ఒకటి. మంగళగిరి దాటాక దుగ్గిరాల, తెనాలి, వడ్లమూడి మీదుగా నారాకోడూరు చేరి ఎడమకి తిరగడం రెండోది. తెనాలి ఊళ్లో ఆగడం ఇష్టమైతే రెండోది, ఎక్కడా ఆగకుండా పోవాలంటే మొదటిది.

పొద్దున ఆరుకల్లా బండి కదలాలి. డిసెంబర్, జనవరిలో పొగమంచు దట్టంగా ఉంటే అరగంట ఆగి బయల్దేరండి, నష్టం లేదు. పొన్నూరులో టిఫిన్ చేసి, ఆంజనేయస్వామి, సహస్రలింగేశ్వరస్వామి దర్శనం చేసుకుని (రెండూ ఒకే ఆవరణలో ఉన్నాయి) తీరిగ్గా పదిన్నరకి బాపట్లలో ఉండొచ్చు.

ఈ రోడ్ల మీద హైవే అలవాటుతో నడపొద్దు. కోతల కాలంలో రోడ్డు మీద ఒక పక్కంతా వడ్లు ఆరబోసి, జారిపోకుండా అంచున రాళ్లు పెడతారు. పగలు ఎదురుగా బండి వస్తే అటువైపు తిప్పడానికి చోటుండదు. రాత్రి ఆ రాళ్లే కనపడవు. వెనక లైటు లేని ట్రాక్టర్లు, గట్టు మీద నుంచి హఠాత్తుగా ఎక్కే గేదెలు సరేసరి. చీకటి పడ్డాక ఊళ్ల మధ్య డ్రైవింగ్ పెట్టుకోకుండా ఉండేలా ప్లాన్ వేసింది అందుకే.

ఫోన్లో మ్యాపు ఒక్కోసారి నాలుగు నిమిషాలు కలిసొస్తాయని కాలువ గట్టు మీదుగా దారి చూపిస్తుంది. వెళ్లకండి. ఆ గట్టు మీద ఒక్క బండే పడుతుంది, ఎదురుగా గడ్డి ట్రాక్టరు వస్తే అరకిలోమీటరు వెనక్కి నడపాల్సింది మీరే, పక్కన కాలువ పెట్టుకుని. మెయిన్ రోడ్డు వదలొద్దు.

## 5. మూడు రోజుల వరస

మొదటి రోజు

బాపట్లలో భావనారాయణస్వామి గుడి మధ్యాహ్నం మూసేలోపు చూసేయండి. తర్వాత భోజనం, రూము, నిద్ర. నిజంగా పడుకోండి, పిల్లలని కూడా పడుకోబెట్టండి. సాయంత్రం నాలుగింటికి సూర్యలంక. చీకటి పడే ముందే నీళ్లలోంచి బయటికొచ్చేయాలి. డిసెంబర్‌లో ఐదూ ముప్పావుకల్లా వెలుగు తగ్గిపోతుంది.

ఇక్కడ చాలామంది ఒక పొరపాటు పడతారు. “సముద్రంలో సూర్యాస్తమయం చూద్దాం” అని కెమెరా పట్టుకుని వస్తారు. మనది తూర్పు తీరం అండీ. సూర్యుడు సముద్రంలోంచి వస్తాడు, ఊళ్ల వెనక్కి దిగిపోతాడు. ఆ ఫోటో కావాలంటే పొద్దున్నే లేవాలి.

రెండో రోజు

ట్రిప్పు మొత్తంలో ఇదే ముఖ్యమైన రోజు. చలికాలంలో సూర్యోదయం ఆరున్నర ప్రాంతంలో అవుతుంది. ఆరింటికే ఇసుక మీద ఉండండి. ఫ్లాస్కులో టీ పట్టుకెళ్లండి. ఆ వేళకి జనం ఉండరు, గాలి పల్చగా ఉంటుంది, తడి ఇసుక మీద ఎర్రటి చిన్న పీతలు కాళ్ల చప్పుడుకి బొరియల్లోకి దూరిపోతుంటాయి. మా చిన్నపాప గంటసేపు కదలకుండా ఒక్క బొరియ ముందే కూర్చుంది, పీత మళ్లీ బయటికి రావడం చూడాలని. తొమ్మిదిన్నరకి తిరుగుదారి పట్టండి.

పదకొండుకి చీరాల. ఎండ వేళంతా బట్టల మీద పెట్టండి. జాండ్రపేటలో మగ్గాలు నడుస్తుంటాయి, అడిగితే చూపిస్తారు. కుప్పడం పట్టు చీర కొనేటప్పుడు అంచు వెంబడి వెలుతురుకి పెట్టి చూడండి. మగ్గం మీద బట్ట వెడల్పు తగ్గిపోకుండా రెండు పక్కలా మేకులున్న కర్రతో లాగి పెడతారు, ఆ మేకుల సన్నటి రంధ్రాలు అంచు పొడవునా కనపడతాయి. చేనేత ముద్ర కూడా అడగండి. మగ్గం చూసి, నేసినాయన దగ్గరే కొంటే బేరం గట్టిగా ఆడబుద్ధి కాదు. ఆడొద్దు కూడా, ఆ చీర వెనక ఎన్ని రోజుల పనుందో కళ్ల ముందే కనపడుతుంది.

మూడున్నరకి ఓడరేవు, చీరాల నుంచి 6, 7 కిలోమీటర్లు. బీచ్, పడవలు, చేపలు. చీకటి పడకముందే బాపట్ల చేరేలా బయల్దేరండి.

మూడో రోజు

ఓపికుంటే మళ్లీ సూర్యోదయం. టిఫిన్ అయ్యాక రూము ఖాళీ చేసి వేటపాలెం వెళ్లండి. 1918లో పెట్టిన సారస్వత నికేతనం గ్రంథాలయం అక్కడుంది. పాత పత్రికల కట్టలున్న ఆ గదుల్లో పుస్తకాలంటే ఇష్టమున్నవాళ్లకి గంట సరిపోదు. లేనివాళ్లని ఊళ్లో జీడిపప్పు కొనడానికి పంపేయండి, వేటపాలెం జీడిపప్పుకి పేరున్న ఊరే. ఇంకా టైముంటే మోటుపల్లి వీరభద్రస్వామి గుడి. ఒకప్పుడు కాకతీయుల ఓడరేవు అది, గణపతిదేవుడు వర్తకులకి అభయమిస్తూ వేయించిన శాసనం ఆ ఊళ్లోదే. రెండింటికల్లా ఇంటిదారి పట్టాలి.

పిల్లలతో వెళ్తే మోటుపల్లి తీసేయండి. జాబితా పూర్తి చేయాలని పరిగెత్తితే అందరికీ చిరాకే మిగులుతుంది.

## 6. నీళ్లలో దిగే ముందు

ఈ భాగం మాత్రం కారులో ఉన్నవాళ్లందరికీ చదివి వినిపించండి.

ఈ తీరంలో ఏటా ప్రాణాలు పోతున్నాయి. పోయేవాళ్లలో ఈత వచ్చినవాళ్లూ ఉంటారు. చెరువులో, కాలువలో నేర్చుకున్న ఈత ధైర్యాన్నిస్తుంది, ఆ ధైర్యమే లోపలికి తీసుకెళ్తుంది.

అలలు లేనిచోటే ప్రమాదం. ఒడ్డుకొచ్చిన నీళ్లన్నీ తిరిగి వెళ్లడానికి ఒకచోట దారి చేసుకుంటాయి. అక్కడ అల విరగదు, నురగ తక్కువ, నీళ్లు కాస్త ముదురు రంగులో నింపాదిగా కనపడతాయి. “ఇక్కడ అలలు లేవు, పిల్లలకి బాగుంటుంది” అని సరిగ్గా అక్కడే దించుతారు. దిగకముందు ఐదు నిమిషాలు ఒడ్డున నిలబడి చూడండి, రెండు పక్కలా అలలు విరుగుతూ మధ్యలో ఖాళీ కనపడితే అటు వెళ్లొద్దు.

లాగేస్తుంటే: ఒడ్డు వైపు ఎదురీదకండి. అలసిపోయి మునిగిపోయేది అలాగే. వెల్లకిలా తేలుతూ చెయ్యి పైకెత్తి ఊపండి. ఈత వస్తే ఒడ్డుకి సమాంతరంగా, అంటే పక్కకి, ఈదండి. ఆ ప్రవాహం సన్నగానే ఉంటుంది, దాటాక అలలే ఒడ్డు వైపు తోస్తాయి.

కొట్టుకుపోయేవాళ్లని చూసి వెనకే దూకొద్దు. ఒకరి కోసం వెళ్లి ఇద్దరు పోవడం ఎక్కువగా ఇలాగే జరుగుతుంది. పెద్దగా కేకలేయండి. మూత బిగించిన ఖాళీ క్యాను, గాలి నింపిన ట్యూబు, తాడు, ఏది దొరికితే అది విసరండి. 112కి ఫోన్ చేయండి.

ఆటుపోట్లు: ఒక పోటుకి ఇంకో పోటుకి మధ్య సుమారు పన్నెండున్నర గంటలు. రోజుకి దాదాపు 50 నిమిషాలు ఆలస్యమవుతూ ఉంటుంది. అంటే నిన్న సాయంత్రం ఐదింటికి ఖాళీగా కనపడిన ఇసుక తిన్నె వారం తర్వాత అదే వేళకి నీళ్లలో ఉండొచ్చు. అమావాస్యకి, పౌర్ణమికి పోటు ఎక్కువ. ఒడ్డున వల బాగుచేసుకుంటున్న పెద్దాయన్ని అడగండి, ఏ యాప్ కంటే ఖచ్చితంగా చెప్తాడు.

- [ ] పెద్దవాళ్లు నడుము లోతు దాటొద్దు, పిల్లలు మోకాలి లోతు
- [ ] పిల్లలని వేళ్లు కాదు, మణికట్టు దగ్గర పట్టుకోండి
- [ ] పిల్లలకి నారింజ, ఎరుపు లాంటి రంగులు వేయండి, నీలం, తెలుపు వద్దు (నీళ్లలో, నురగలో కలిసిపోతాయి)
- [ ] ఒక పెద్ద మనిషి ఎప్పుడూ ఒడ్డునే, ఫోను చూడకుండా, తలలు లెక్కపెడుతూ ఉండాలి
- [ ] చీర, బరువైన జీన్సు వేసుకుని లోతుకి వెళ్లొద్దు
- [ ] మందు తాగినవాళ్లని నీళ్ల దగ్గరికే రానివ్వొద్దు. మొహమాటపడకండి

జెల్లీ చేప తగిలితే రుద్దొద్దు, మంచినీళ్లు పోయొద్దు. సముద్రపు నీళ్లతోనే కడిగి డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి. ఊపిరి కష్టంగా ఉంటే వెంటనే 108.

## 7. కారు ఇసుకలోకి దించొద్దు, దిగబడితే ఇలా తీయండి

మా బాబాయి ఒక పౌర్ణమి సాయంత్రం “తడి ఇసుక గట్టిగానే ఉంది కదరా” అని కారు కిందకి దించాడు. నిజంగానే గట్టిగా ఉంది, తిప్పుకునేటప్పుడు పొడి ఇసుక తగిలేదాకా. ముందు చక్రాలు రెండూ దిగబడ్డాయి. ఆయన కంగారులో యాక్సిలరేటర్ తొక్కుతూనే ఉన్నాడు, కారు పొట్ట ఇసుకకి ఆనింది. అటుగా వెళ్తున్న జాలరి ఒకాయన ఆగి, “ఇయాల పున్నమి బాబూ, ఇంకో గంటలో ఇక్కడిదాకా వస్తయి నీళ్లు” అన్నాడు. ట్రాక్టరు పిలిపించి, తాడు కట్టి లాగించేసరికి అలలు వెనక చక్రాలని తడుపుతున్నాయి. అప్పటిదాకా మాలో ఎవరికీ టో హుక్ ఎక్కడుందో తెలియదు.

మీకలా జరిగితే వరసగా ఇవి చేయండి:

1. చక్రం ఖాళీగా తిరిగిన మరుక్షణం కాలు తీసేయండి. తొక్కేకొద్దీ గొయ్యి లోతవుతుంది.
2. అందరూ దిగాలి, బరువైన సామాను దించాలి.
3. చక్రాల ముందు, వెనక, కారు పొట్ట కింద ఇసుక చేత్తోనే తీసేయండి.
4. టైర్లలో గాలి తగ్గించండి. 33 పీఎస్ఐ ఉంటే 15 నుంచి 18కి. టైరు వెడల్పుగా పరుచుకుని ఇసుకని పట్టుకుంటుంది. తోయడం కంటే ఈ ఒక్క పనే ఎక్కువ పనిచేస్తుంది.
5. ఇంజిను తిప్పే చక్రాల కింద (చాలా కార్లకి ముందు చక్రాలు) మీరు కదలబోయే వైపు గోనె సంచులు, కారు మ్యాట్లు, తాటి మట్టలు, ఏవి దొరికితే అవి పెట్టండి.
6. స్టీరింగ్ నిటారుగా ఉంచి, వచ్చిన దారిలోనే రివర్స్‌లో మెల్లగా తీయండి.
7. ఇంకా రాకపోతే ట్రాక్టరు. తాడు టో హుక్‌కే కట్టాలి, బంపర్‌కి కాదు. లాగేటప్పుడు తాడు దగ్గర ఎవరూ నిలబడొద్దు, తెగితే కొరడాలా కొడుతుంది.
8. రోడ్డెక్కగానే గాలి మళ్లీ నింపండి. తగ్గిన గాలితో స్పీడుగా వెళ్తే టైరు పాడవుతుంది.

## 8. చేపలు కొనడం, ఇంటికి తెచ్చుకోవడం

కన్ను ఉబ్బెత్తుగా మెరుస్తూ ఉండాలి, లోపలికి పోయి తెల్లబడకూడదు. మొప్ప ఎత్తి చూస్తే ఎర్రగా ఉండాలి. వేలితో నొక్కితే గుంట వెంటనే పూడాలి. సముద్రపు వాసన రావాలి, కుళ్లు వాసన కాదు. వంజరం, చందువా అందరూ అడుగుతారు కాబట్టి ధర ఎక్కువ చెప్తారు. కానాగంతలు, నెత్తళ్లు తాజాగా దొరికిన రోజున నేనైతే వాటికే పోతాను, పులుసుకి నెత్తళ్ల ముందు ఏదీ నిలవదు.

ఇంటికి తెచ్చుకోవాలంటే థర్మాకోల్ పెట్టె ఇంటి దగ్గర నుంచే తీసుకెళ్లండి. చేప కడుపు శుభ్రం చేయించి, అడుగున ఐసు ముక్కలు, పైన చేప, మళ్లీ ఐసు. చేప బరువెంతో ఐసూ అంత ఉండాలి. కరిగిన నీళ్లలో చేప నానకుండా మధ్యమధ్యలో పారబోయండి. మూతకి టేపు వేసి, పాత దుప్పటి చుట్టి, కింద పాలిథిన్ పట్టా పరిచి డిక్కీలో పెట్టండి. ఆ నీళ్లు ఒక్కసారి కార్పెట్‌లోకి దిగితే నెలరోజులు వాసన పోదు.

మూడో రోజు పొద్దున కొనడమే సరైన లెక్క. రెండో రోజు కొంటే రాత్రంతా ఐసు కోసం తిరగాలి.

## 9. ఇంకో రోజు దొరికితే

విజయవాడ వాళ్లకి ఇది బాగుంటుంది, వచ్చిన దారిలో తిరిగి వెళ్లక్కర్లేదు. బాపట్ల నుంచి 216వ నంబరు జాతీయ రహదారి మీద కర్లపాలెం, చెరుకుపల్లి, రేపల్లె దాటి, పెనుమూడి, పులిగడ్డ వారధి మీద కృష్ణ దాటితే దివిసీమ. మోపిదేవిలో సుబ్రహ్మణ్యేశ్వరస్వామి దర్శనం, అక్కడి నుంచి అవనిగడ్డ, కోడూరు మీదుగా హంసలదీవి, కృష్ణమ్మ సముద్రంలో కలిసేచోటు. తిరుగుదారి చల్లపల్లి, కూచిపూడి, పామర్రు, ఉయ్యూరు, విజయవాడ.

హంసలదీవిలో గుడి దగ్గర నుంచి సంగమం దాకా ఇంకా దూరముంటుంది, ఇసుక, మట్టి దారి. వాన పడి ఉంటే గుడి చూసుకుని వెనక్కి వచ్చేయండి. సాయంత్రం పొద్దుపోయేలోపు అవనిగడ్డ రోడ్డెక్కేయాలి.

## 10. ఇంటికొచ్చాక

మర్నాడే కారు కడిగించండి. పైపైన కాదు, లిఫ్ట్ ఎక్కించి కింద భాగం, చక్రాల గూళ్లు, బ్రేకుల దగ్గర మంచినీళ్లతో ప్రెషర్ పెట్టి కొట్టమనండి. ఉప్పు, ఇసుక అక్కడే పట్టుకుని తుప్పు మొదలవుతుంది. మ్యాట్లు తీసి దులపండి. వైపర్ వేసే ముందు అద్దం మీద నీళ్లు పోయండి, ఇసుక రేణువు ఒక్కటున్నా అద్దం మీద గీత పడుతుంది. సీటు పట్టాల సందుల్లో, డిక్కీలో స్టెప్నీ గుంటలో వ్యాక్యూమ్ పెట్టించండి. టో హుక్ ఇసుకతో వాడి ఉంటే కడిగి, తుడిచి, చుక్క నూనె రాసి మళ్లీ జాకీ పక్కనే పెట్టేయండి.